పశువైద్య ప్రయోగశాలలలో జీవభద్రత, జీవరక్షణ: మదింపు ఎందుకు? ఎలా?

ప్రత్యేక వ్యాసం - పశుసంవర్ధకం

పశువుకు సోకిన వ్యాధి ఏదో నిర్ధారణ కానిదే సరైన చికిత్స గాని, టీకా గాని, నివారణ చర్య గాని సాధ్యం కాదు. ఆ నిర్ధారణకు ఆధారం ప్రయోగశాల. రైతు కొట్టం నుండి, కోళ్ల ఫారం నుండి, సంత నుండి వచ్చే రక్తం, పాలు, పేడ, కణజాలం నమూనాలన్నీ చివరకు చేరేది అక్కడికే. మానవులకు సోకే అంటువ్యాధులలో సుమారు 60 శాతం జంతువులతో ముడిపడినవేనని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పేర్కొంటున్నది. కనుక పశువైద్య ప్రయోగశాల ఒక్క పశువులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, ప్రజారోగ్యానికి కూడా కావలి వంటిది.

అయితే వ్యాధిని పట్టుకొనవలసిన చోటి నుండే వ్యాధి బయటకు పొక్కిన సంఘటనలు ప్రపంచంలో పలుమార్లు జరిగాయి. అందుచేతనే ప్రయోగశాలలలోని భద్రతా పద్ధతులను నిర్ణీత కాలవ్యవధిలో మదింపు చేయడం అన్ని దేశాలలోనూ ఆవశ్యకమైనది. ఈ మదింపులో ఏమి పరిశీలిస్తారు, ఎలా పరిశీలిస్తారు, ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలి అనే అంశాలను పాత్రికేయుల, అధికారుల అవగాహన నిమిత్తం ఈ దిగువ వివరించడమైనది.

రెండు మాటలు, రెండు అర్థాలు

జీవభద్రత, జీవరక్షణ అనే రెండు పదాలను తరచుగా ఒకే అర్థంలో వాడుతుంటారు. ప్రయోగశాలకు సంబంధించి ఇవి వేర్వేరు. రోగకారక క్రిములు పొరపాటున సిబ్బందికి సోకకుండా, బయటి వాతావరణంలోకి పోకుండా తీసుకొనే చర్యలు జీవభద్రత, అనగా బయోసేఫ్టీ. ఆ క్రిములను ఎవరైనా దొంగిలించకుండా, దురుద్దేశంతో వినియోగించకుండా, లెక్క తప్పిపోకుండా కాపాడడం జీవరక్షణ, అనగా బయోసెక్యూరిటీ. క్లుప్తంగా చెప్పాలంటే క్రిముల నుండి మనుషులను కాపాడేది మొదటిది, మనుషుల నుండి క్రిములను కాపాడేది రెండవది.

కోళ్ల పరిశ్రమలో 'బయోసెక్యూరిటీ' అన్న మాటకు ఫారంలోకి వ్యాధి ప్రవేశించకుండా అడ్డుకోవడం అనే అర్థం స్థిరపడింది. ప్రయోగశాలకు సంబంధించిన వార్తలలో ఈ తేడాను గమనించకపోతే పాఠకులు అయోమయానికి గురయ్యే అవకాశం ఉన్నది.

గతం నేర్పిన పాఠాలు

2007 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో పశువులలో గాలికుంటు వ్యాధి బయటపడింది. ఆ వైరస్ 1967లో సేకరించిన రకానికి చెందినదని, అప్పట్లో పశువులలో ఎక్కడా వ్యాప్తిలో లేనిదని పరీక్షలలో తేలింది. సమీపంలోని పిర్‌బ్రైట్ ప్రాంగణంలో ప్రభుత్వ పరిశోధనా సంస్థ, ఒక టీకాల తయారీ కర్మాగారం ఈ రకాన్ని వినియోగిస్తున్నాయి. వ్యర్థజలాలను తుది శుద్ధి కేంద్రానికి చేర్చే పాత భూగర్భ గొట్టాలు పగిలి ఉండడం, మ్యాన్‌హోళ్లు సక్రమంగా మూసి ఉండకపోవడం, ఆ వేసవిలో భారీ వర్షాలు కురవడం, ప్రాంగణంలో నిర్మాణ పనులకు వచ్చిన వాహనాలకు మట్టి అంటుకొని బయటకు పోవడం వల్ల వైరస్ పొలాలకు చేరి ఉంటుందని అధికారిక విచారణ అభిప్రాయపడింది. వ్యాధి 8 పశు క్షేత్రాలకు సోకింది. గొట్టాల మరమ్మతు విషయం పలు సంవత్సరాలుగా చర్చలో ఉన్నప్పటికీ పని పూర్తి కాలేదని కూడా వెల్లడైంది. అత్యున్నత భద్రత గల భవనం ఉండి, నేల క్రింది గొట్టం పాడైనందున మొత్తం వ్యవస్థ విఫలమైనది.

2019 జూలై, ఆగస్టు నెలలలో చైనాలోని లాంజౌ నగరంలో పశువుల బ్రూసెల్లోసిస్ టీకా తయారు చేసే కర్మాగారంలో గడువు తీరిన క్రిమిసంహారకాన్ని వాడారు. ఫలితంగా వెలుపలికి వదిలే గాలి పూర్తిగా శుద్ధి కాలేదు. బ్రూసెల్లా క్రిములు గాలివాటున వ్యాపించాయి. ఈ విషయాన్ని మొదట గుర్తించింది సమీపంలోని పశువైద్య పరిశోధనా సంస్థలోనే. అక్కడి విద్యార్థులు, సిబ్బంది జబ్బుపడడంతో 2019 నవంబరులో పరీక్షలు జరిపారు. 2020 సెప్టెంబరు నాటికి 3,245 మందికి సోకినట్లు నగర ఆరోగ్య అధికారులు ధ్రువీకరించగా, అనంతరం ఆ సంఖ్య 10 వేలకు పైబడింది. ఇక్కడ లోపించినది ఖరీదైన యంత్రం కాదు. డబ్బాపై ఉన్న గడువు తేదీని చూసే అలవాటు.

2010 డిసెంబరులో చైనాలోనే హార్బిన్‌లోని ఈశాన్య వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 27 మంది విద్యార్థులకు, ఒక అధ్యాపకునికి బ్రూసెల్లోసిస్ సోకింది. శరీర నిర్మాణ శాస్త్ర తరగతికి తెచ్చిన 4 మేకలను ముందుగా పరీక్షించకపోవడమే ఇందుకు కారణమని తేలింది. బోధనా ప్రయోగశాలలు కూడా మదింపు పరిధిలోకి రావాలని ఈ సంఘటన స్పష్టం చేసింది.

2014లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నుండి ఆ దేశ వ్యవసాయ శాఖకు చెందిన కోళ్ల పరిశోధనా ప్రయోగశాలకు తక్కువ తీవ్రత గల ఇన్‌ఫ్లుయెంజా వైరస్ పంపామనుకొన్నారు. ఆ నమూనాలో ప్రమాదకరమైన హెచ్5ఎన్1 వైరస్ కలిసిపోయి ఉన్నది. ప్రయోగంలోని కోళ్లు మరణించడంతో విషయం బయటపడింది. ఎవరికీ వ్యాధి సోకలేదు. అయినప్పటికీ 'చీటీపై వ్రాసినదే సీసాలో ఉన్నది' అని నమ్మరాదని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

మన దేశంలో చట్టాలు, వ్యవస్థలు

మన దేశంలో ఈ రంగానికి ఒకే చట్టం కాక పలు చట్టాలు వర్తిస్తాయి. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 క్రింద 1989లో జారీ అయిన నియమాలు ప్రమాదకర సూక్ష్మజీవుల, జన్యుమార్పిడి జీవుల తయారీ, వినియోగం, దిగుమతి, ఎగుమతి, నిల్వలను నియంత్రిస్తున్నాయి. బయోటెక్నాలజీ విభాగం 2017లో వెలువరించిన మార్గదర్శకాలు ప్రయోగశాలల భద్రతా స్థాయిలను వివరిస్తున్నాయి. జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009 ప్రకారం షెడ్యూలులోని వ్యాధులకు సంబంధించిన టీకాలు, పరీక్షలు, పరిశోధనలు జరిపే ప్రతి సంస్థ, ప్రయోగశాల ఆ వ్యాధి క్రిములు బయటకు పోకుండా తగు జాగ్రత్తలు తీసుకోవాలి. పొరపాటున బయటకు పోయిన పక్షంలో సంబంధితులను హెచ్చరించి కాపాడే ఏర్పాట్లు కూడా చేయాలి. జీవ ఆయుధాలకు సంబంధించిన చట్టవిరుద్ధ కార్యకలాపాలను 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం నిషేధించింది.

జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 పశువైద్య సంస్థలకు, జంతుశాలలకు, ప్రయోగశాలలకు కూడా వర్తిస్తాయి. సూక్ష్మజీవుల పెంపకం పళ్లేలు, రక్త నమూనాలు మొదలైన ప్రయోగశాల వ్యర్థాలను ప్రాంగణంలోనే ముందుగా క్రిమిరహితం చేసి, ఆ తరువాతనే ఉమ్మడి శుద్ధి కేంద్రానికి అప్పగించాలి. శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు. ప్రతి సంవత్సరం జూన్ 30లోగా వార్షిక నివేదిక సమర్పించాలి. రికార్డులను 5 సంవత్సరాల పాటు భద్రపరచాలి. సిబ్బందికి శిక్షణ, ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు, వార్షిక వైద్య పరీక్షలు తప్పనిసరి.

వ్యాధి నిర్ధారణ వ్యవస్థ అంచెలంచెలుగా ఉన్నది. జిల్లా స్థాయి ప్రయోగశాలలు, రాష్ట్ర స్థాయి ప్రయోగశాలలు, దక్షిణాది రాష్ట్రాల కొరకు బెంగళూరులోని ప్రాంతీయ వ్యాధి నిర్ధారణ ప్రయోగశాల, ఆపై జాతీయ సంస్థలు పనిచేస్తున్నాయి. అత్యంత ప్రమాదకరమైన వ్యాధుల నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థలో జరుగుతుంది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలోనే తొలిసారిగా కోళ్లలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వ్యాధిని నిర్ధారించింది ఈ ప్రయోగశాలయే. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలలోను కోళ్లు మరణించినపుడు నమూనాలను భోపాల్‌కే పంపారు.

నమూనా భోపాల్ వెళ్లి రావడం వల్ల జాప్యం జరుగుతున్నదన్న విమర్శ అటువంటి సమయాలలో వినిపిస్తుంటుంది. అయితే అనుమానిత బర్డ్ ఫ్లూ వైరస్‌ను తగిన భద్రతా స్థాయి లేని ప్రయోగశాలలో పెంచడం అగ్గిని గడ్డివాములో దాచడం వంటిది. జిల్లా ప్రయోగశాల కర్తవ్యం నమూనాను సక్రమంగా సేకరించి, సీలు వేసి, సురక్షితంగా పంపడం. ఈ హద్దును ప్రయోగశాల పాటిస్తున్నదా, లేదా అన్నది మదింపులో తొలి ప్రశ్న.

మదింపులో పరిశీలించే అంశాలు

ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ తన ప్రామాణిక గ్రంథంలో పశువైద్య ప్రయోగశాలల జీవ ప్రమాద నిర్వహణకు ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించింది. ఆహార, వ్యవసాయ సంస్థ ప్రయోగశాలల స్థాయిని అంచనా వేసేందుకు ప్రశ్నావళి రూపంలో ఒక సాధనాన్ని, అందులో భద్రతకు ప్రత్యేక విభాగాన్ని రూపొందించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ భద్రతా గ్రంథం నాలుగవ ముద్రణ 2020లో వెలువడింది. జీవ ప్రమాద నిర్వహణకు ఐఎస్ఓ 35001 ప్రమాణం 2019లో వచ్చింది. వీటన్నిటి సారాంశాన్ని ఏడు అంశాలుగా చెప్పుకోవచ్చును.

1. ప్రమాద అంచనా: క్రిమి పేరును బట్టి మాత్రమే కాక, చేసే పనిని బట్టి ప్రమాదాన్ని లెక్కించాలి. దొమ్మ వ్యాధి అనుమానంతో వచ్చిన రక్తపు పూతను రంగు వేసి సూక్ష్మదర్శిని క్రింద చూడడం వేరు, అదే క్రిమిని పళ్లెంలో పెంచడం వేరు. రెండవ పనిలో ప్రమాదం అనేక రెట్లు అధికం. దొమ్మతో మరణించిన పశువు కళేబరాన్ని కోయరాదన్న నియమానికి కారణం కూడా ఇదే. గాలి తగిలినపుడు క్రిమి గట్టి కవచం గల విత్తనంగా మారి నేలలో దశాబ్దాల పాటు జీవించి ఉంటుంది.

2. భవనం, పరికరాలు: జీవభద్రతా క్యాబినెట్‌లో గాలి ప్రవాహాన్ని సంవత్సరానికి ఒకసారైనా నిపుణులు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. క్యాబినెట్ ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లు కాదు. వడపోత పాడైన క్యాబినెట్ లేనిపోని ధీమా కల్పిస్తుంది. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వేడి చేరినదా అని మీటరు చూస్తే చాలదు. వేడికి అతిగా తట్టుకొనే బాక్టీరియా విత్తనాలు గల పరీక్షా గొట్టాన్ని లోపల ఉంచి, అవి చనిపోయినవో లేదో నిర్ధారించుకోవాలి. విద్యుత్ పోయినపుడు జనరేటర్ ఎంత సేపటిలో అందుకొంటుంది, వ్యర్థజలం ఏ కాలువలోకి పోతుంది అన్నవి కూడా ఇందులో భాగమే.

3. సిబ్బంది ఆరోగ్యం, శిక్షణ: రేబిస్ అనుమానిత కుక్కల మెదడు నమూనాలను పరీక్షించే వారు ముందుగానే రేబిస్ టీకా తీసుకొని ఉండాలి. ప్రయోగశాలల్లో సిబ్బందికి తరచుగా సోకే బాక్టీరియా వ్యాధులలో బ్రూసెల్లోసిస్ ముఖ్యమైనది. దీని లక్షణాలు సాధారణ జ్వరాన్ని, కీళ్ల నొప్పులను పోలి ఉండడం వల్ల వారాల తరబడి గుర్తింపు కాకపోవచ్చును. సిబ్బంది రక్తరసాన్ని చేరిన రోజుననే సేకరించి భద్రపరచినట్లయితే తరువాతి పరీక్షలతో పోల్చుకొనే వీలు కలుగుతుంది.

4. నమూనాల రాకపోకలు: నమూనాను మూడు పొరలలో ప్యాక్ చేయాలి. నీరు కారని సీసా, దాని చుట్టూ ద్రవాన్ని పీల్చే పదార్థంతో కూడిన మరొక నీరు కారని డబ్బా, ఆపై గట్టి పెట్టె. రోజువారీ నిర్ధారణ నమూనాలపై సాధారణంగా యూఎన్ 3373 అన్న గుర్తు ఉండాలి. పశువులకు మాత్రమే సోకే అధిక ప్రమాదకర పదార్థాలకు యూఎన్ 2900, మనుషులకు కూడా సోకే వాటికి యూఎన్ 2814 సంఖ్యలు వర్తిస్తాయి.

5. వ్యర్థాల నిర్వహణ: రంగు సంచుల వాడకం, ఆటోక్లేవ్ రిజిస్టరు, సూదుల డబ్బాలు, కళేబరాల తుది గతి. పశువైద్యంలో వ్యర్థం గ్రాములలో కాక క్వింటాళ్లలో ఉండవచ్చును. కనుక మానవ వైద్య ప్రయోగశాల పద్ధతులను యథాతథంగా అనుసరిస్తే సరిపోదు.

6. జీవరక్షణ: ఏ ఫ్రీజరులో ఏ క్రిమి ఎన్ని సీసాలున్నదో జాబితా ఉండాలి. తాళం ఎవరి వద్ద ఉన్నదో, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు కావాలి. బదిలీ అయిన, పదవీ విరమణ చేసిన ఉద్యోగుల ప్రవేశ అనుమతి వెంటనే రద్దు కావాలి. అవసరం లేని నమూనాలను ఉంచుకోరాదు.

7. అత్యవసర సన్నద్ధత: నమూనా ఒలికినపుడు ఏమి చేయాలో గోడపై వ్రాసి ఉంటే చాలదు. సిబ్బందిచేత సాధన చేయించాలి. సూది గుచ్చుకొన్న ప్రతి సంఘటనను భయం లేకుండా తెలియజేసే వాతావరణం ఉండాలి.

కాగితం, కన్ను, నోటిమాట

మదింపు బృందం మూడు విధాలుగా సమాచారాన్ని సేకరిస్తుంది. మొదటిది రికార్డుల పరిశీలన. రెండవది పని జరుగుతుండగా ప్రత్యక్ష పరిశీలన. మూడవది సిబ్బందితో సంభాషణ. ఈ మూడింటిలో ఒకే సమాధానం వస్తేనే అది వాస్తవమని భావించాలి. శుభ్రతా ప్రమాణాల గురించి అధికారి చెప్పిన దానికన్న, సంచులు మోసే పారిశుధ్య కార్మికుడు చెప్పినది తరచు వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. కనుక అటెండరును, కార్మికుడిని, డ్రైవరును తప్పక ప్రశ్నించాలి.

అనుభవజ్ఞులు అనుసరించే ఒక సులభమైన పద్ధతి ఉన్నది. రిజిస్టరులో ఏదో ఒక నమూనా సంఖ్యను ఎంచుకొని, అది వచ్చిన గడియ నుండి ఫలితం వెలువడి, మిగిలిన భాగం ధ్వంసమయ్యే వరకు అడుగడుగునా వెంబడిస్తారు. అలాగే ఫ్రీజరు జాబితా నుండి కొన్ని సీసాలను చూపమంటారు. ఆపై ఫ్రీజరు నుండి కొన్ని సీసాలను తీసి జాబితాలో వాటి పేరు చూపమంటారు. రెండు దిశలలోనూ లెక్క కుదరాలి. జాబితాలో ఉండి ఫ్రీజరులో లేని సీసా ఎంత ఆందోళనకరమో, ఫ్రీజరులో ఉండి జాబితాలో లేని సీసా కూడా అంతే ఆందోళనకరం.

సాధారణంగా కనిపించే లోపాలు చిన్నవిగానే తోస్తాయి. చేతి తొడుగులతోనే సెల్‌ఫోన్ పట్టుకోవడం, వాడిన సూదికి తిరిగి మూత పెట్టడం, నమూనాల ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసా ఉంచడం, గడువు తీరిన క్రిమిసంహారకం వాడడం, క్యాబినెట్ గాలి రంధ్రాలపై కాగితాలు పెట్టడం వంటివి. లాంజౌ ఉదంతం దృష్ట్యా వీటిలో ఏదీ చిన్నది కాదు.

మార్కుల కన్న ముఖ్యమైనది

మదింపు ఫలితాన్ని శాతంగా ప్రకటించడం పరిపాటి. కాని ఆ శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. నూటికి తొంబది మార్కులు వచ్చిన ప్రయోగశాలలో ఆటోక్లేవ్ పనిచేయకపోతే మిగిలిన మార్కులకు విలువ లేదు. అందుచేత కొన్ని అంశాలను 'కీలక లోపాలు'గా విడదీసి, అవి సరిదిద్దే వరకు సంబంధిత పరీక్షలను నిలిపివేయాలి. అదే విధంగా జిల్లా ప్రయోగశాల మార్కులను భోపాల్ సంస్థ మార్కులతో పోల్చడం సమంజసం కాదు. ప్రతి ప్రయోగశాలను అది చేసే పనికి తగిన కొలబద్దతోనే కొలవాలి.

మదింపు చేసేవారు స్వతంత్రులై ఉండడం మరొక ముఖ్యాంశం. పిర్‌బ్రైట్ సంఘటన నాటికి అక్కడి పరిశోధనా సంస్థకు నిధులు సమకూర్చే శాఖయే అనుమతులు, తనిఖీలు కూడా నిర్వహించేది. ఆ తరువాత నియంత్రణ బాధ్యతను వేరొక సంస్థకు అప్పగించారు. నిధులిచ్చే చేయి, తనిఖీ చేసే కన్ను ఒక్కరివే అయినపుడు లోపాన్ని గుర్తించినా ఒత్తిడి చేయడం కష్టమవుతుంది.

మదింపు ముగింపు నివేదికతో కాదు, దిద్దుబాటు పట్టికతో జరగాలి. ప్రతి లోపానికి ఎదురుగా బాధ్యుడైన అధికారి హోదా, ఖర్చు, పూర్తి చేయవలసిన తేదీ ఉండాలి. గడువు తరువాత మరల తనిఖీ జరగాలి. భవనానికి నిధులు మంజూరైనంత సులువుగా వడపోతల మార్పిడికి, యంత్రాల వార్షిక నిర్వహణకు నిధులు లభించవు. అధిక భద్రతా ప్రయోగశాలను నిర్మించడం ఒకనాటి ఖర్చు, నడపడం ఏటేటా ఖర్చు. రెండవదానికి బడ్జెట్‌లో పద్దు లేనపుడు మొదటిది ప్రమాదంగా పరిణమిస్తుంది.

ముసర వ్యాధి చూపిన మార్గం

పశువుల పాలిట మహమ్మారియైన ముసర వ్యాధి, అనగా రిండర్‌పెస్ట్, ప్రపంచం నుండి నిర్మూలన అయినట్లు 2011లో ప్రకటించారు. మశూచి తరువాత మానవ ప్రయత్నంతో అంతరించిన రెండవ వ్యాధి ఇది. మన దేశంలో చివరి కేసు 1995లో నమోదయింది. ఇప్పుడు ఆ వైరస్ మిగిలి ఉన్నది ప్రయోగశాలల ఫ్రీజర్లలోనే. అక్కడి నుండి బయటపడితే తరాల శ్రమ వృథా అవుతుంది. కనుక అంతర్జాతీయ సంస్థలు నిల్వలను కొద్ది కేంద్రాలకే పరిమితం చేస్తూ, మిగిలినవాటిని ధ్వంసం చేయిస్తున్నాయి. పిర్‌బ్రైట్ సంస్థ 2019లో తన వద్దనున్న నిల్వల జన్యుక్రమాన్ని నమోదు చేసుకొని, వాటిని ధ్వంసం చేసింది. మన దేశంలో భోపాల్ సంస్థను 2012లో ఈ వైరస్ నమూనాల జాతీయ నిల్వ కేంద్రంగా నిర్ణయించారు. 2025 మే నెలలో ఆ సంస్థకు 'ఎ' శ్రేణి నిల్వ కేంద్రంగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. కఠినమైన మదింపును ఎదుర్కొన్న తరువాతనే ఇటువంటి గుర్తింపు లభిస్తుంది.

క్షేత్రస్థాయికి ఉన్న సంబంధం

2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం క్రింద 4 నుండి 8 నెలల వయస్సు గల పెయ్యదూడలకు బ్రూసెల్లోసిస్ టీకా వేయడం జరుగుతున్నది. ఇది సజీవ క్రిమితో తయారైన టీకా. సూది పొరపాటున టీకా వేసే వారి చేతికి గుచ్చుకొంటే వారికి వ్యాధి సోకే ప్రమాదమున్నది. కనుక జీవభద్రత ప్రయోగశాల గోడల మధ్య ఆగిపోదు. గ్రామంలో టీకా వేసే సహాయకుని చేతి తొడుగుల వరకు, కంటి అద్దాల వరకు అది విస్తరించి ఉన్నది.

పాత్రికేయులు ప్రయోగశాలను సందర్శించినపుడు కొన్ని సూటి ప్రశ్నలు వేయవచ్చును. క్యాబినెట్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఆటోక్లేవ్ పనితీరుకు రుజువేమిటి? గత సంవత్సరంలో ఎన్ని ప్రమాదాలు నమోదయ్యాయి? గత మదింపులో చూపిన లోపాలలో ఎన్ని సరిదిద్దారు? ప్రమాదాలు సున్నా అని సమాధానం వస్తే అది సంతోషించదగిన విషయమే కావచ్చును. లేదా ఎవరూ నమోదు చేయడం లేదని కూడా అర్థం కావచ్చును. నమోదైన ప్రమాదాన్ని అపరాధంగా చిత్రించే వార్త, తదుపరి ప్రమాదాన్ని దాచిపెట్టేందుకే దోహదం చేస్తుంది.

పాడి, గొర్రెలు, కోళ్లపై ఆధారపడిన లక్షలాది కుటుంబాలకు ప్రయోగశాల ఇచ్చే ఫలితం జీవనాధారంతో సమానం. ఆ ఫలితం వెలువడే గది సురక్షితంగా ఉన్నప్పుడే అది విశ్వసనీయం అవుతుంది. అందుచేత మదింపును తప్పులు పట్టే తనిఖీగా గాక, సిబ్బంది ప్రాణాలకు, రైతు పశుసంపదకు, ప్రజారోగ్యానికి రక్షణ కవచంగా భావించి సంబంధిత అధికారులందరూ సహకరించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.